లప్పం లేని మూల

కాకతో కలిసి ఎవరింటికైనా పోవాలంటే నాకు గుండెల్లో రాయి పడేది. చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టాడో లేదో, కూర్చోమన్నా వినకుండా నేరుగా గోడ దగ్గరికి పోతాడు. గోడ మీద వేంకటేశ్వరస్వామి ఉన్నా, ఆ ఇంటి తాత ఉన్నా ఆయనకు ఒకటే. ఫ్రేము కింది మూలను బొటనవేలి గోటితో గీకి చూస్తాడు. గోరు నున్నగా జారితే ముఖం వెలిగిపోతుంది. ఎక్కడైనా తట్టుకుంటే మాత్రం నిమ్మళంగా వచ్చి కుర్చీలో కూర్చుని, "దేవుడు మంచిగున్నడు" అంటాడు. అంటే ఫ్రేము బాగాలేదని అర్థం. ఇంటావిడ మురిసిపోయి చాయ్ పెట్టడానికి పోతుంది. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు కాబట్టి నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని.

పోయిన నెల కాక పోయాడు. షుగరు ఉంది, గుండెజబ్బు ఉంది, తెల్లారి చాయ్ తాగి మంచం మీద వాలినవాడు మళ్లీ లేవలేదు. గోదావరిఖని మార్కెట్లో నా టైలరింగు దుకాణానికీ ఆయన ఫోటోఫ్రేముల దుకాణానికీ మధ్య రేకు గోడ ఒక్కటే అడ్డం. కాక అని, అంటే చిన్నాన్న అని పిలుస్తాను గానీ వరుసకు ఆయన నాకు ఏమీ కాడు. మా దగ్గర మాట కలిస్తే చాలు, వరుస దానంతటదే కలుస్తుంది. కాక ఇప్పుడు లేడంటే నాకు ఏడుపు రావాలి, వచ్చింది కూడా. కానీ ఆయన్ని తలుచుకుంటే మాత్రం ముందు నవ్వే వస్తుంది, ఏం చేయను.

దుకాణం పెట్టకముందు కాక బొగ్గు గనుల కంపెనీ వర్క్‌షాపులో పనిచేశాడు. గనిలో ఏ యంత్రం భాగమైనా విరిగితే కొత్తది ఇనుముతో పోత పోయాలి. పోత పోసే ముందు అదే ఆకారాన్ని కర్రతో చేసి, దానితో మట్టిలో అచ్చు తీయాలి. ఆ కర్ర ఆకారాలు చేసే సెక్షన్ ఆయనది. కర్రలో వెంట్రుకవాసి తేడా వస్తే ఇనుములోనూ ఆ తేడా వస్తుంది. అందుకని అక్కడ రంపం కోతను ఎవరూ నమ్మేవాళ్లు కాదట. రంపంతో సుమారుగా కోసి, చివర నున్నగా చేయడానికి ఒక చేతి మిషిను దగ్గరికి పట్టుకుపోయేవాళ్లట. దాన్ని వర్క్‌షాపులో ట్రిమ్మరు అనేవాళ్లు. కాక మాత్రం "నా చేతి మిషిను" అనేవాడు.

ఆ మిషినును నేను చూడకముందే నాకు కంఠతా వచ్చేసింది. చెప్పి చెప్పి అలా చేశాడు. మాటలు చాలకపోతే నా కటింగు బల్ల మీదున్న సుద్దముక్క తీసుకుని బొమ్మ గీసేవాడు, అదీ బల్ల మీద పరిచిన గుడ్డ మీదే. ఎవరి జాకెట్టు గుడ్డయినా సరే.

"ఇగో బిడ్డా, కింద గింత మందం ఇనుప పలక. దాని మీద కోణం అంకెలుంటయి. ఈ పక్కొక కత్తి, ఆ పక్కొక కత్తి. నడుమ నిలువు పిడి. పిడి ఇటు గుంజితే ఇటు కత్తి కోస్తది, అటు నూకితే అటు కత్తి కోస్తది."

"కాకా, అది పెద్దసారు భార్య పట్టుగుడ్డ."

"సుద్ద దులిపితే పోతది గని, ఇను. రంపానికి పండ్లుంటయి, అది కొరుకుతది. దీనికి పండ్లు లేవు. ఇది ఒక్కటే గుంజుడు గుంజుతది, ఉల్లిపొర లెక్క లేస్తది కర్ర. కోసిన కాడ చెయ్యి పెడితే అద్దమే."

ఆ మిషిను ఎప్పటిదో ఎవరికీ తెలియదు. కాక డ్యూటీలో చేరేనాటికే అది ముసలిదట. ఏ దేశంలో పోత పోశారో చెప్పే ఉబ్బెత్తు అక్షరాలు దాని పక్కన ఇంగ్లీషులో ఉండేవి. ప్రతి దసరాకూ ఆయుధపూజ ముందు వర్క్‌షాపులో యంత్రాలన్నిటికీ ఆకుపచ్చ రంగు వేసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసేవాళ్లు. రంగు వేసేవాడికి అక్షరమైతేనేం, అంకె అయితేనేం, అన్నిటి మీదా ఒకటే కుంచె. అలా ఏటా ఒక పొర పడీ పడీ చివరికి అక్షరాలూ, కోణం అంకెలూ అన్నీ రంగు కింద పూడిపోయాయి. "రంగు కింద ఎక్కడ ఏమున్నదో నా ఏలుకు తెలుసు" అనేవాడు కాక, బొటనవేలు గాలిలో అటూ ఇటూ జరుపుతూ. ఆ వేలు చూస్తే మిషిను అక్కడే ఉన్నట్టుండేది.

కాక రిటైరైన కొన్నాళ్లకు ఆ సెక్షన్ మూతపడింది. సామానంతా పాత ఇనుము కింద లారీ ఎక్కింది. ఆ సంగతి ఆయనకు తెలిసేసరికి లారీ ఏ దిక్కుకు పోయిందో చెప్పేవాళ్లు లేరు. ఫ్రేముల దుకాణంలో కరెంటు రంపమే గతయింది. రంపం పళ్లు కొరికిన చోట మూలలు సరిగ్గా అతకవు, సందు పడుతుంది. ఆ సందులో లప్పం కూరి, పైన రంగు పూసి మూసేయాలి. ఊళ్లో అందరూ చేసేది అదే. కాకకు మాత్రం లప్పం పూసిన ప్రతిసారీ ఎవరో తిట్టినట్టు ఉండేది. గిరాకీ వచ్చి ఫ్రేము తీసుకుని పోతుంటే ఆ మనిషి ముఖం చూసేవాడు కాదు, రోడ్డు మీద పోయే ఆటోలను చూసేవాడు.

ఇంతవరకూ అయితే అది కాక సొంత పిచ్చి, పోనిద్దాం అనుకునేదాన్ని. కానీ మధ్యలో కాకి ఇరుక్కుంది. కాకి అంటే ఆయన భార్య.

కాక రిటైరైన రోజున తీసిన ఫోటో ఒకటి ఉంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో వాళ్ల కాపురం మొత్తంలో అదొక్కటే. పెళ్లినాడు ఫోటోలు తీసే స్తోమత లేదు. తర్వాత ఈయన మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు, ఆమెకు పిల్లలు, పొలం. ఆ ఫోటోను ఫ్రేము కట్టి గోడకు పెట్టమని కాకి అడిగింది. కట్టనన్నాడు కాక. కట్టనని కాదు, లప్పం పెట్టి కట్టనన్నాడు. మిషిను దొరికినాక కడతానన్నాడు. కాకి అప్పటికే గోడకు మేకు కొట్టించి ఉంచింది. ఆ మేకుకు కాక సంచి వేలాడేది, మందుల కవరు వేలాడేది, ఫోటో మాత్రం బీరువాలో చీరల కింద ఉండేది.

ఒకరోజు కాకి నా దుకాణానికి వచ్చి, రేకు గోడ అవతలికి వినపడేటట్టు పెద్ద గొంతుతో నాతో మాట్లాడింది.

"మా ఇంట్ల గోడ చూసినవు గదనే. మా అత్త ఒక్కతే, మా మామ ఒక్కడే, మా బావ ఒక్కడే. పోయినంక ఒక్కొక్కరిని కట్టిండు గీయన. బతికున్న మనిషి ఒక్కడు లేడు ఆ గోడ మీద. నేనేం అడుగుతున్న? ఇద్దరం పానంతోని ఉన్నప్పుడు గోడ మీద జోడుగ కూసుంటం అంటున్న. ఆయనకు గుండె మంచిగ లేకపాయె, నాకు మోకాళ్లు లేకపాయె. ఎవరు ముందు పోతరో ఎవరికెరుక?"

రేకు గోడ అవతలి నుంచి కాక గొంతు వచ్చింది. "ఊరోళ్ల మూలకు లప్పం పెడితే పెట్టిన. నీ మూలకు పెట్ట."

కాకి నాకేసి చూసి నెత్తి కొట్టుకుంది. కోపంతోనే కొట్టుకుంది గానీ, ముఖంలో ఒక సిగ్గు లాంటిది కూడా కనపడింది. ముసలితనంలో అంత మాట మొగుడి నోట విన్నందుకేమో మరి.

అప్పటి నుంచి మిషిను వెతుకులాట ఊరందరి పనయింది. ఎవరికి ఎక్కడ తుప్పుపట్టిన ఇనుప సామాను కనపడినా ఫోనులో ఫోటో తీసి కాకకు పంపేవాళ్లు. ఒకరు గడ్డి కోసే మిషిను పంపారు. ఒకరు పుస్తకాలు కుట్టే చోట కాగితం కోసే కత్తి పంపారు. బెల్లంపల్లి నుంచి ఒక రిటైరైన ఆయన గోలీసోడా మిషిను పంపాడు, అది ఆకుపచ్చగా ఉందని. కాక ఆకుపచ్చ రంగని అందరికీ చెప్పడమే తప్పయింది. ఆకుపచ్చ ఇనుము ఏదైనా సరే, కాక ఫోనులోకి వచ్చి పడేది. ఎవరినీ చిన్నబుచ్చేవాడు కాదు. కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి ఫోటో పెద్దది చేసి చూసి, "మంచి మిషినే, నాది కాదు" అని జవాబు చెప్పేవాడు. దొరికే ఆశ నాకైతే లేదు. "కాకా, అది ఏ కొలిమిలోనో కరిగి నీ ఇంటి కిటికీ ఊచ అయ్యుంటది" అన్నానొకసారి. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఆ మధ్య నాకు పెద్దపల్లిలో ఆఫీసు పని పడింది. వచ్చేటప్పుడు రైల్వేస్టేషన్ దగ్గర బండి మీద చెరుకు ముక్కలు అమ్ముతుంటే ఒక కవరు కొనుక్కుని వచ్చాను. కుట్టు మిషిను తొక్కుతూ ఒక్కో ముక్కా నములుతుంటే సుద్దముక్క కోసం కాక వచ్చాడు. బల్ల మీద కవరు చూశాడు. ఆయనకు షుగరు కదా, నేను గభాలున కవరు ఒళ్లో పెట్టుకున్నాను. కానీ అప్పటికే ఒక ముక్క ఆయన చేతిలో ఉంది.

"కాకా, కాకి నన్ను చంపుతది. పెట్టు అది."

నోట్లో పెట్టుకోలేదు. ట్యూబ్‌లైటు కిందికి ఎత్తి చూశాడు. కోసిన చోట బొటనవేలితో రాశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ వెలుతురుకు పెట్టాడు. చెరుకును కత్తితో నరికితే పీచు లేస్తుంది, అంచు నలుగుతుంది. ఈ ముక్కకు పీచన్నది లేదు, కోసిన చోట తళతళా మెరుస్తోంది. నేను అప్పటికి కవరులో సగం నమిలేశాను గానీ నాకు ఆ తేడా తట్టలేదు.

"ఎక్కడ కొన్నవ్ బిడ్డా?" అన్నాడు కాక.

"పెద్దపల్లి టేషన్ కాడ."

"పా పోదాం."

"ఇప్పుడా? చేతిల పెండ్లి జాకెట్లున్నయి కాకా."

"పెండ్లి ఆగుతది" అని రోడ్డు మీదికి నడిచాడు. పెళ్లి ఎక్కడ ఆగుతుంది, నేనే షట్టరు దించుకుని వెనక పరుగెత్తాను. బస్సులో ఆయన చెరుకు ముక్కను రుమాలులో చుట్టి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు భయమేసింది. దొరక్కపోతే ఈ మనిషి గుండె తట్టుకుంటుందా అని ఒక భయం, ఉత్త చెరుకు ముక్క పట్టుకుని ఇంత దూరం తీసుకొచ్చాడేమిటని ఒక కోపం.

బండి అతను గడ్డం నెరిసిన సాయిబు, అందరికీ చాచా. బండి పలకకు బోల్టులతో బిగించి ఉంది మిషిను. ఆకుపచ్చ కాదు, ఎర్రరంగు. పైన పసుపుబొట్లు, చుట్టూ చీమలు. రెండు పక్కలా రెండు కత్తులు, నడుమ నిలువు పిడి. సుద్దబొమ్మ లేచి నిలబడ్డట్టే ఉంది. చాచా చెరుకు గడ పెట్టి పిడి గుంజాడు. టక్కుమని ముక్క పడింది.

కాక దగ్గరికి పోయి, అడగకుండానే మిషిను పలక మీద బొటనవేలు పెట్టాడు. ఎర్రరంగు మీద మెల్లగా జరుపుతూ పోయి ఒకచోట ఆగాడు. నన్ను పిలిచి నా వేలు అక్కడ పెట్టించాడు. రంగు పొరల కింద ఏవో అక్షరాల గుబ్బలు తగిలాయి. గోటితో ఒక పెచ్చు లేపాడు. ఎరుపు కింద ఆకుపచ్చ, దాని కింద ఇంకో ఆకుపచ్చ, దాని కింద మరొకటి. అన్ని దసరాలూ అక్కడే ఉన్నాయి. కాక కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

"చెరుకు కోస్తున్నది బిడ్డా ఇది. ఇంత పని నేర్చిన మిషిను చెరుకు కోస్తున్నది." నవ్వీ నవ్వీ ఆయాసపడి బండి చక్రం పట్టుకుని కూర్చున్నాడు.

చాచా బిత్తరపోయాడు. నేనే సంగతంతా చెప్పాను. ఆ మిషిను తనకు బెల్లంపల్లిలో పాత ఇనుము అమ్మే బామ్మర్ది దగ్గర దొరికిందట. రెండు కత్తులు, పిడి చూసి చెరుకు కోసే మిషినే అనుకున్నారట వాళ్లిద్దరూ. "ఇంకేం కోస్తరు అమ్మా దీంతోని?" అని నన్నే అడిగాడు.

ఇచ్చెయ్యమని కాక అడిగాడు. చాచా తల అడ్డంగా ఊపాడు.

"పైసల మాట తియ్యకు భాయ్. కత్తితోని కోస్తే పీచు లేస్తది, గిరాకీ రాదు. నా రోజీ ఇదే. మీకు పాత దోస్తు కావొచ్చు గని, నాకు ఇయ్యాల్టి అన్నం."

కాక ఇన్నేళ్లు ఊరంతా వెతికించాడు, కాకి చేత మాటలు పడ్డాడు, చివరికి దొరికిన మిషిను ఇంకొకరి బతుకుకు బోల్టులు వేసుకుని ఉంది. ఆయన కత్తి అంచును వేలితో చూసి, "సాన లేదు దీనికి. ఎన్నడన్న పట్టిచ్చినవా?" అన్నాడు. లేదన్నాడు చాచా. "నువ్వు ఇయ్యకు. నేను ఒకనాడు కర్ర తీసుకొస్త. ముందుగాల నీ కత్తులకు సాన పడత, తరువాత నాలుగు ముక్కలు కోసుకుంట. ఒప్పుకుంటవా?"

చాచా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

అలా ఒక పొద్దున కాక, కాకి, నేను ముగ్గురం పెద్దపల్లి బస్సెక్కాం. కాక సంచిలో టేకు కర్రలు, సానరాయి. కాకి ఒళ్లో చీర కొంగు కింద ఫోటో. "ఇన్నేండ్లు నా మీద సవతి లెక్క ఉన్న మిషిను మొఖం సూడాలె" అని ఆమె పంతం. చూసి, "ఓస్, గింతేనా" అంది. చాచా ఆమెకు స్టూలు వేసి, పక్క బండి నుంచి అల్లం వేసిన చెరుకు రసం గ్లాసు తెప్పించి ఇచ్చాడు. కాక కత్తులు విప్పి, కడిగి, పొద్దెక్కేదాకా సాన పట్టాడు. బిగించాక ముందు చాచాను ఒక గడ కోయమన్నాడు. చాచా పిడి మీద చెయ్యి పెట్టాడో లేదో ముక్క పడిపోయింది. చప్పుడు కూడా రాలేదు. ఆయన చేతిలో ముక్క తిప్పి తిప్పి చూసుకుని, "మిషిను నాది, కత్తులు నీవి భాయ్. ఎప్పుడన్న రా" అన్నాడు. కాక తర్వాత చివరిదాకా పోతూనే ఉన్నాడు, సానరాయి పట్టుకుని.

ఆ తర్వాత టేకు కర్ర పెట్టాడు. కర్రను మూలకు సరిపడా సగం కోణంలో ఆనించడానికి అంకెలు కనపడవు కదా, రంగు కింద వేలితో వెతుక్కున్నాడు. పిడి గుంజాడు. కర్ర చివర నుంచి ఒక పొర చుట్టలు చుట్టుకుంటూ లేచింది. దాన్ని తీసి కాకి చేతిలో పెట్టాడు. ఆమె ఏమనుకుందో ఏమో, వాసన చూసి కొంగున ముడి వేసుకుంది. ఆ ఇద్దరినీ అలా చెరుకు బండి దగ్గర చూస్తుంటే నాకు వాళ్ల మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

దుకాణానికి వచ్చి నాలుగు మూలలూ అతికించాక నన్ను కళ్లు మూసుకోమని నా గోరు ఫ్రేము మీద పెట్టి నడిపించాడు. "అతుకు ఎక్కడున్నదో చెప్పు" అన్నాడు. మూల తిరిగిందని తెలిసింది గానీ అతుకు తెలియలేదు. చెప్పలేకపోయానని ఆయనకు పండగయింది.

కాకి కొట్టించిన మేకుకు ఫోటో ఎక్కింది. కానీ ఎంత కడిగినా చెరుకు జిగట కర్రకు అంటినట్టుంది, చాలా రోజులు ఫ్రేము చుట్టూ చీమలు బారులు కట్టాయి. కాకి పసుపు చల్లేది, తుడిచేది, మళ్లీ వచ్చేవి. "గోడెక్కినంక కూడ నిమ్మళం లేకపాయె" అని సణిగేది. ఇంటికి ఎవరొచ్చినా మాత్రం కుర్చీ వేయకముందే ఆ మూల గీకి చూడమనేది. మొగుడి పిచ్చి ఆమెకు అంటుకుంది.

పోయిన నెల కాక పదకొండో రోజు కర్మకు ఆయన ఫోటో కుర్చీలో పెట్టాల్సి వచ్చింది. ఒంటరి ఫోటో ఒక్కటీ లేదు. జ్యోతినగర్ నుంచి వచ్చిన కొడుకు, "గా ఫోటో ఇయ్యమ్మా, స్టూడియోల నాయిన్ని వేరు చేసి పెద్దగ కొట్టిస్త" అన్నాడు.

"ఇయ్య" అంది కాకి. "నలభై ఏండ్లు షిఫ్టులు వేరు చేసినయి. ఇప్పుడు స్టూడియోవాడు చేస్తడా?"

"మరి దండ ఎట్ల వేస్తం? నువ్వు బతికున్నవు."

"సరిగ సూడు, కండ్లున్నయి గద" అంది. చూశాం. రిటైర్మెంటు రోజు ఫోటో అది. ఇద్దరి మెడల్లోనూ కంపెనీవాళ్లు వేసిన బంతిపూల దండలు ఉన్నాయి. కొడుకు తెచ్చిన దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ముసలమ్మలు కొందరు అరిష్టమని గొణిగారు. కాకి వినలేదు. ఫోటోను తానే మేకు నుంచి దించి కుర్చీలో పెట్టి, పక్కన చాప వేసుకుని కూర్చుంది.

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఫోటో ముందు నిలబడి దండం పెడుతున్నారు. ఎవరో దూరపు చుట్టం ఏడుస్తూ వంగి రెండు చేతులూ జోడించాడు. కాకి అతని భుజం తట్టింది.

"ఆ పక్కకు మొక్కు బిడ్డా. ఈ పక్కన ఉన్నది నేను. మొక్కి రా, అన్నం తిందువు."